సోలార్ స్లాబ్ వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సోలార్ స్లాబ్ అనే ఏటవాలు రాతిబండ వారికి,
ఓక్ క్రీక్ లోయ, రెడ్ రాక్ కాన్యన్, నెవాడా.

ఉభయకుశలోపరి. బండలెక్కే పిచ్చి ఉన్న ఒక సామాన్యుడు వ్రాయునది ఏమనగా, తమరి మీద పడిన "సులువు" అనే ముద్రను తమరే ముందుకొచ్చి ఖండించవలసిందిగా ప్రార్థన.

1975లో జో హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు తమరిని మొదటిసారి ఎక్కారు. నేడు తమరి గ్రేడు, అనగా ఎక్కడంలో కష్టాన్ని కొలిచే లెక్క, 5.6, అంటే ఈ విద్యలో ఇంకా ఓనమాలు దిద్దుతున్నవారు సైతం ధైర్యం చేయగల అంకె. దానికి తోడు తమరిది దక్షిణముఖం. చలికాలంలో పక్క లోయల నీడలో ఎక్కేవారి వేళ్లు కొంకర్లు పోతుంటే, తమరి దగ్గర చొక్కా చేతులు మడుచుకుని హాయిగా కూర్చోవచ్చని అందరూ పొగుడుతారు. ఆ పొగడ్తలు విని లాస్ వేగాస్‌లో శుక్రవారం రాత్రి విమానం దిగి, ఆదివారం రాత్రికల్లా తిరిగి వెళ్లిపోవలసిన ఉద్యోగులు, వారిలో మన బే ఏరియా తెలుగువారు కూడా, తెల్లవారకముందే తమరి ముంగిట వరుస కడతారు. తీరా వచ్చాక తెలిసేదేమిటంటే, తమరి పాదం నేల మీద లేదు. గల్లీ అనే రాతి చీలిక గుండానో, జానీ వేగాస్ అనే మరో దారినో ఎక్కి పైనున్న చపటా మీదికి చేరాకే అసలు దర్శనం మొదలవుతుంది.

పగుళ్లున్నంతసేపు చేతికి పట్టు దొరుకుతుంది. అవి అయిపోయిన చోట మడమ దించి, నడుమును బండకు దూరంగా ఉంచి, బరువంతా బూటు రబ్బరు మీద మోపి నిలబడాలి. భయపడిన మనిషి సరిగ్గా దీనికి విరుద్ధంగా, తమరిని గట్టిగా కౌగిలించుకుంటాడు. మరుక్షణం బరువు పాదాల మీది నుంచి తప్పుకుని కాలు జారుతుంది. ఆప్యాయతకు ఇంత వెంటనే శిక్ష వేసేవారిని నేను వేరెక్కడా చూడలేదు. ఇక మిట్టమధ్యాహ్నం రబ్బరు మెత్తబడి, పట్టు కోసం పూసుకున్న సుద్దపొడి అరచేతుల చెమటకు ముద్దకట్టి, బిగుతు బూట్లలో కాలివేళ్లు ఉడుకుతున్న వేళ, ఆ 5.6ను ఏ నెలలో, ఎన్ని గంటలకు లెక్కకట్టారని అడగాలనిపిస్తుంది. (వేసవిలో భువనగిరి ఏకశిల మీద అరచెయ్యి ఆనించినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.)

వాన పడితే తమరిని ఒకటి నుంచి మూడు రోజుల దాకా ముట్టుకోరాదంటారు. తడిస్తే ఇసుకరేణువుల మధ్య అతుకు బలహీనపడి పట్టు ఊడి చేతికొస్తుందని, పైపైన ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుందని కారణం చెబుతారు. ఇందులో తమరిని అనడానికేమీ లేదు. జురాసిక్ కాలపు ఇసుకతిన్నెలు గట్టిపడి రాయి అయ్యేదాకా ఓపిక పట్టిన తమరికి, సోమవారం ఉదయం మీటింగు ఉన్నవారి తొందర ఎలా అర్థమవుతుంది?

అసలు ఫిర్యాదు దిగుడు గురించి. ఎక్కడం తమరు ఉచితంగా ఇచ్చేది, వసూళ్లన్నీ దిగేటప్పుడే. శాస్త్రప్రకారం తాడును పైన బండకు బిగించిన ఉంగరంలో దూర్చి, రెండు కొసలూ విడిచి, కిందికి చేరాక ఒక కొసను లాగితే రెండోది పైకి వెళ్లి, ఉంగరం దాటి వచ్చి మన ముందు పడాలి. తమరి దగ్గర అది తిన్నగా పడడం అరుదు. దారిలో ఏ పొదనో, ఏ రాతి పెచ్చునో వెతుక్కుని మరీ ఇరుక్కుంటుంది. కిందివారు ముందు మెల్లగా, తరువాత బలంగా, ఆ తరువాత ఇద్దరూ వేలాడుతూ లాగుతారు, లాగినకొద్దీ అది మరింత బిగుస్తుంది. చివరికి ఒకరు మళ్లీ పైకి వెళ్లాలి. ఎవరు వెళ్లాలన్న చర్చలో చిరకాల స్నేహాల లోతు తెలుస్తుంది. ఈలోగా పొద్దు వాలిపోతుంది, లోయలను చుట్టివచ్చే లూప్ రోడ్డులో కారు పెట్టినవారికి గేటు మూసే వేళ దగ్గరపడుతుంది, ఆలస్యానికి ముందుగా అనుమతి తీసుకోనివారి కారు అద్దానికి జరిమానా చీటీ వేలాడుతుంది. ఆ చీటీ ఏ గ్రేడులోనూ చేరదు.

కాబట్టి 5.6 ఎక్కుడుకు మాత్రమే వర్తిస్తుందని, దిగుడు సంగతి పొదల దయాదాక్షిణ్యాలకు లోబడి ఉంటుందని తమరు ఒక ప్రకటన చేయించాలి. అది కుదరకపోతే కనీసం ఆ పొదలతోనైనా ఒకసారి మాట్లాడండి.

ఇట్లు,
"తమ చల్లని నీడన" అని వ్రాయడం మర్యాదే అయినా, తమ దగ్గర అది దొరకనందున,
తమ ఎండన,
ఒక విధేయుడు.