నూట ఇరవైలో కొత్త డ్రైవర్: లైసెన్స్ నేర్పని పాఠం

రెండు కార్లు ఎక్స్‌ప్రెస్‌వేపై పక్కపక్కనే వెళ్తున్నాయనుకుందాం. ఒకటి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, రెండోది 120తో. రోడ్డు పొడిగా ఉంది, టైర్లు బాగున్నాయి. ముందు ఆగి ఉన్న లారీని ఇద్దరు డ్రైవర్లూ ఒకే క్షణంలో చూశారు. విషయం అర్థమై కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆలోపు 100లో ఉన్న కారు 42 మీటర్లు పోతుంది, బ్రేక్ పడ్డాక మరో 56 మీటర్లు జారి, సరిగ్గా లారీ ముందు ఆగుతుంది. మొత్తం 98 మీటర్లు. 120లో ఉన్న కారు మాత్రం బ్రేక్ తొక్కేలోపే 50 మీటర్లు దాటేస్తుంది. అదే లారీ దగ్గరికి చేరేసరికి దాని వేగం ఇంకా 76 కిలోమీటర్లు ఉంటుంది. మొదటి కారులో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. రెండో కారులో వాళ్లు 76 కిలోమీటర్ల వేగంతో లారీ కిందికి వెళ్తారు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్)పై గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120కి పెంచారు. 158 కిలోమీటర్ల ఈ ఎనిమిది లేన్ల రోడ్డులో మీడియన్‌ను, అంటే మధ్య డివైడర్‌ను ఆనుకుని ఉన్న ఒకటి, రెండు లేన్లకు ఆ పరిమితి. ఎడమవైపున్న మూడు, నాలుగు లేన్లలో 80. నలభై కంటే నెమ్మదిగా వెళ్లే బండ్లకు, బైకులకు, నడిచి వెళ్లేవారికి ప్రవేశమే లేదు. రోడ్డును ఆ వేగానికి తగ్గట్టే కట్టారు. ఆ రోడ్డెక్కే డ్రైవర్‌ను మాత్రం ఎవరూ ఆ వేగానికి సిద్ధం చేయడం లేదు. అసలు లోపం ఇదే.

మనకు లైసెన్స్ ఇచ్చేది హెచ్ ట్రాక్, ఎనిమిది ఆకారం, రివర్స్, పార్కింగ్ చూసి. ఆ పరీక్షలో ఐదో గేరు వేయాల్సిన అవసరమే రాదు. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల కోసం 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో కారు శిక్షణ 29 గంటలని, అందులో 21 గంటలు బండి నడపాలని, హైవే డ్రైవింగ్ కూడా నేర్పాలని ఉంది. అయితే ఆ కేంద్రాల్లోనే నేర్చుకోవాలన్న షరతు లేదు. వీధి చివరి డ్రైవింగ్ స్కూల్లో కొన్నాళ్లు కాలనీ రోడ్లపై తిరిగి టెస్టుకు వెళ్లడమే మనకు అలవాటు. జర్మనీలో శిక్షకుడితో ఆటోబాన్‌పై 45 నిమిషాల పాఠాలు నాలుగు, చీకట్లో మూడు పూర్తిచేయందే లైసెన్స్ రాదు. బ్రిటన్‌లో 2018 జూన్ నుంచి లెర్నర్లను కూడా మోటర్‌వే ఎక్కనిస్తున్నారు. గుర్తింపు ఉన్న శిక్షకుడు పక్కన ఉండాలి, ఆయన వైపు కూడా బ్రేక్ ఉన్న కారు కావాలి. మన దగ్గరా లైసెన్స్‌కు ముందు ఎక్స్‌ప్రెస్‌వేపై రెండు ఇంటర్‌ఛేంజ్‌ల (ఎక్కే, దిగే కూడళ్ల) మధ్య ఒక్క గంట శిక్షణను తప్పనిసరి చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 61,038 మంది జాతీయ రహదారులు, ఎక్స్‌ప్రెస్‌వేలపైనే పోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. ఇంత జరుగుతున్నా ఆ గంట గురించి ఎవరూ మాట్లాడకపోవడం బాధాకరం.

అది వచ్చేదాకా కొత్త డ్రైవర్ తనకు తానే నేర్చుకోక తప్పదు. ముందుగా మార్చుకోవాల్సింది చూపు. ఊళ్లో నడిపేటప్పుడు ముందున్న ఆటో వెనుక భాగం చూస్తూ నడుపుతాం, అక్కడ అది సరిపోతుంది. 120లో సెకనుకు 33 మీటర్లు పోతాం కాబట్టి చూపు కనీసం 300 మీటర్ల అవతల ఉండాలి. అంటే తొమ్మిది, పది సెకన్ల ముందు ఏం ఉందో ఇప్పుడే తెలియాలి. ముందు కారు వెనుక గాజులోంచి దాని ముందున్న బండిని కూడా గమనించాలి. దూరంగా రెండు మూడు బండ్ల బ్రేక్ లైట్లు వెలిగాయంటే కారణం కోసం ఆగకుండా యాక్సిలరేటర్ మీద కాలు తీసేయాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైంది ఎడమ లేన్లోనో, షోల్డర్ (లేన్ల పక్కన వదిలిన రోడ్డు అంచు)పై సగం, లేన్లో సగంగానో ఆగి ఉన్న లారీ. దూరం నుంచి చూస్తే ఆగి ఉన్న లారీ, 60లో పోతున్న లారీ ఒకేలా కనిపిస్తాయి. తేడా పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. లారీని ఒక్కదాన్నే చూడకుండా, దాని పక్కనున్న దీపస్తంభాన్ని కలిపి చూడాలి. కదిలే లారీ ఒక స్తంభాన్ని దాటి ఇంకో స్తంభం దగ్గరికి పోతుంది. అదే స్తంభం పక్కన అలాగే ఉంటే అది ఆగిపోయిన లారీ. వెంటనే అద్దం చూసుకుని, ఇండికేటర్ వేసి, అది ఇంకా దూరంగా ఉన్నప్పుడే లేన్ మారాలి. రాత్రిపూట అరిగిపోయిన రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, మట్టి కొట్టుకుపోయిన టెయిల్ లైట్లతో ఈ పని ఇంకా కష్టమవుతుంది. డిమ్ లైట్ వెలుగు రోడ్డుపై పడేది 50, 60 మీటర్ల దాకా. 80లో ఉన్న కారు ఆగడానికే దాదాపు 70 మీటర్లు కావాలి. దీపాలు లేని చోట డిమ్‌లో 80 పోవడమంటే, లైట్ వెలుగులోకి వచ్చిన దాన్ని కచ్చితంగా గుద్దడమే. కొత్తవాళ్లు మొదటి కొన్ని నెలలు ఎక్స్‌ప్రెస్‌వేను పగటిపూటే వాడటం మంచిది.

ఎక్కడం, దిగడం

ఓఆర్‌ఆర్‌పై టోల్ ప్లాజాలు ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గరే ఉన్నాయి. ఫాస్టాగ్ స్కాన్ అయ్యేదాకా దాదాపు ఆగి, అక్కడి నుంచి ర్యాంప్ మీదుగా ప్రధాన రోడ్డులో కలవాలి. కొత్తవాళ్లు ర్యాంప్‌పై 40లో మెల్లగా వెళ్లి, చివరికి వచ్చాక భయంతో ఆగిపోతారు. వెనుక వచ్చేవాడికి ఇది ఊహించని విషయం. సున్నా నుంచి బయల్దేరి 80లో పోతున్న బండ్ల మధ్యకి దూరాలంటే ఎంత పెద్ద ఖాళీ ఉన్నా చాలదు. ర్యాంప్ ఉన్నదే వేగం అందుకోవడానికి. మలుపు దాటి దారి తిన్నగా అయ్యాక మూడో గేరులోనే ఉంచి ఇంజిన్‌ను బాగా లాగనివ్వాలి. నలుగురు కూర్చుని ఏసీ వేసిన 1.2 లీటర్ల చిన్న కారు 80 అందుకోవడానికి టైం తీసుకుంటుంది, నాలుగో గేరు తొందరగా వేస్తే అసలు లాగదు. ఇండికేటర్ ముందే వేయాలి. కుడివైపు అద్దం చూశాక, ఒక్కసారి కుడి భుజం మీదుగా తల తిప్పి కూడా చూడాలి, అద్దానికి అందని చోట ఒక కారు మొత్తం దాక్కోగలదు. కలిసిన వెంటనే మొదటి లేన్‌కు పోవాలన్న తొందర వద్దు. మూడో లేన్లో 80లో కుదురుకోవాలి. నాలుగో లేన్లో నెమ్మది లారీలు, ఆగిన బండ్లు ఎక్కువ కాబట్టి కొత్తవాళ్లకు మూడోదే మేలు.

దిగేటప్పుడు సమస్య ఇంకోలా ఉంటుంది. అరగంట పాటు 100లో నడిపిన తర్వాత 60 కూడా నడుస్తున్నట్టే అనిపిస్తుంది. ఆ వేగంతో గుండ్రటి ర్యాంప్ మలుపులోకి వెళ్తే బండి బయటివైపుకు లాగేస్తుంది. అందుకే ఎగ్జిట్ దగ్గర మన అంచనాను నమ్మకుండా స్పీడోమీటర్ చూసి, బోర్డుపై రాసిన వేగానికి మలుపుకు ముందే తగ్గాలి. రెండు కిలోమీటర్ల ముందు బోర్డు కనబడగానే ఒక్కో లేన్ చొప్పున ఎడమకు రావాలి. ఎగ్జిట్ దాటిపోతే దాటిపోయినట్టే. రివర్స్ చేయడం, షోల్డర్‌పై ఆగి ఆలోచించడం, చివరి క్షణంలో మూడు లేన్లు అడ్డంగా కోయడం ప్రాణాల మీదికి తెచ్చే పనులు. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి సర్వీస్ రోడ్డు మీద వెనక్కి వస్తే పోయేది ఇరవై నిమిషాలే.

ముందు బండికి మూడు సెకన్ల దూరం ఉంచాలి. అది ఏదైనా స్తంభాన్ని దాటినప్పుడు లెక్క మొదలుపెట్టి, మనం ఆ స్తంభం చేరేసరికి మూడు సెకన్లు గడవాలి. 120లో అది సరిగ్గా వంద మీటర్లు. ఆ ఖాళీలోకి ఎవడో వచ్చి దూరుతాడు, నిజమే. దూరినప్పుడు కాలు కాస్త తీసి మళ్లీ దూరం పెంచుకోవడమే. వెనుక నుంచి డిప్పర్ కొట్టేవాడితో పోటీ పెట్టుకోకుండా ఎడమకు జరిగి సైడ్ ఇచ్చేయాలి.

బ్రేక్, స్టీరింగ్, టైరు

ఏబీఎస్ (బ్రేక్ బలంగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో అత్యవసరంగా ఆపాలంటే బ్రేక్‌ను బలంగా తొక్కి, బండి ఆగేదాకా కాలు తీయకూడదు. పెడల్ కింద టకటకమని అదురుతుంది, చప్పుడు వస్తుంది. ఏదో విరిగిందనుకుని చాలామంది కాలు తీసేస్తారు. అది ఏబీఎస్ పని చేస్తున్న గుర్తు. ఖాళీ మైదానంలో 40 వేగంలో రెండు మూడు సార్లు ఇలా తొక్కి చూస్తే కాలికి ఆ అదురు అలవాటవుతుంది. కుక్క అడ్డమొస్తే స్టీరింగ్ తిప్పాలనిపిస్తుంది. 30లో సరే, 100లో అలా కట్ కొడితే బండి పల్టీ కొడుతుంది, లేదా మీడియన్ ఎక్కుతుంది. లేన్లోనే తిన్నగా ఉండి బ్రేక్ తొక్కడమే చేయగలిగింది. ఈ మాట కఠినంగా ఉంటుంది గానీ, లోపలున్న ప్రాణాల కోసం చెప్పక తప్పదు.

టైర్లు పేలడానికి కారణం గాలి ఎక్కువ కావడమని చాలామంది నమ్మకం. ఆ నమ్మకంతో ఎండాకాలం గాలి తగ్గించుకుని బయల్దేరతారు. ఇది ఉల్టా ఆలోచన. గాలి తక్కువైతే టైరు పక్కభాగం ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలుగుతుంది, ఆ నలుగుడుకే వేడెక్కి లోపలి పొరలు విడిపోతాయి. డ్రైవర్ వైపు తలుపు తీస్తే దాని చట్రం మీద స్టిక్కర్ ఉంటుంది. మామూలు లోడ్‌కు ఎంత, నిండా మనుషులు, సామాన్లు ఉంటే ఎంత అని రెండు అంకెలు విడిగా రాసి ఉంటాయి. నలుగురితో దూరం వెళ్లేటప్పుడు రెండో అంకె పాటించాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే, అంటే రెండు మూడు కిలోమీటర్లకు మించి తిరగకముందే కొలవాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్లు దాటిన టైరుకు గాడులు బాగానే ఉన్నా ఎక్స్‌ప్రెస్‌వేకు వద్దు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు చట్టం ఒప్పుకునే కనిష్ఠం. వానాకాలానికి మూడైనా ఉండాలి. స్టెప్నీ సన్నగా ఉంటే దానిపై రాసిన వేగం, సాధారణంగా 80, దాటకూడదు.

ఒకవేళ టైరు పేలితే బ్రేక్ జోలికి వెళ్లకూడదు. స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టి తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్‌ను మెల్లగా వదలాలి. వేగం 50 కిందికి వచ్చాకే ఎడమకు జరగాలి.

వానలో కథ మారుతుంది. తడి రోడ్డుపై 120 నుంచి ఆగడానికి 190 మీటర్లు కూడా పట్టొచ్చు. నీళ్లు నిలిచిన చోట టైరు రోడ్డును వదిలేసి నీటి పొరపై తేలుతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. అప్పుడు బ్రేక్ వేయకుండా, తిప్పకుండా కాలు తీస్తే చాలు, పట్టు తిరిగి దొరుకుతుంది. క్రూయిజ్ కంట్రోల్ వానలో ఆపేయాలి. హజార్డ్ లైట్లు వేసుకుని నడపడం మన దగ్గర పాతుకుపోయిన చెడ్డ అలవాటు. నాలుగూ మిణుకుతుంటే లేన్ మారుతున్న సంగతి వెనుకవాడికి తెలియదు. యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై చలికాలంలో మంచు వల్ల కార్ల పరిమితినే 100 నుంచి 75కి తగ్గిస్తారు. బోర్డుపై 120 అని ఉన్నా, కనిపించే దూరంలో ఆగగలిగినంతే మన పరిమితి.

సీటు బెల్టు గురించి తెలియనివారు లేరు, వెనుక సీట్లో పెట్టుకునేవారూ పెద్దగా లేరు. 2022లో బెల్టు లేక చనిపోయిన 16,715 మందిలో 8,331 మంది ప్రయాణికులే. అలారం మోగకుండా దోపే క్లిప్పులను అమ్మకం నుంచి తీసేయాలని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఈ-కామర్స్ కంపెనీలను ఆదేశిస్తే 13,118 లిస్టింగులు తొలగించారు. ఇంట్లో ఎవరి కారులోనైనా ఆ క్లిప్ ఉంటే ఈరోజే పారేయండి.

నిద్ర విషయంలో కొత్తా పాతా తేడా లేదు. తెల్లవారుజామున 2 నుంచి 5 దాకా, మధ్యాహ్నం భోజనం తర్వాత శరీరం మాట వినదు. నాలుగు సెకన్ల కునుకు అంటే 120లో 130 మీటర్లు కళ్లు మూసుకుని నడపడం. గత రెండు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తులేకపోతే అదే హెచ్చరిక. కిటికీ దించడం, పాటలు గట్టిగా పెట్టడం పనిచేయవు. దిగిపోయి ఒక కాఫీ తాగి పావుగంట పడుకోవాలి. కాఫీ పనిచేయడం మొదలుపెట్టేసరికి మెలకువ వస్తుంది.

బండి మొరాయిస్తే హజార్డ్ లైట్లు వేసి, షోల్డర్‌పై వీలైనంత ఎడమ అంచుకు తీసుకెళ్లి, ముందు చక్రాలు ఎడమకు తిప్పి ఆపాలి. అందరూ ఎడమ తలుపుల నుంచే దిగాలి. క్రాష్ బ్యారియర్ దాటి, కారుకు వెనుకవైపు, అంటే బండ్లు వచ్చే దిక్కుగా కొంచెం దూరంగా నిలబడాలి. ముందువైపు నిలబడితే, వెనుక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు కారు మన మీదికే వస్తుంది. త్రికోణం బోర్డును బ్యారియర్ అవతలి నుంచి నడిచి పెట్టగలిగితేనే పెట్టాలి. జాతీయ రహదారులపై 1033, అంబులెన్స్‌కు 108, పోలీసులకు 112. ఓఆర్‌ఆర్ హెల్ప్‌లైన్ నంబరును బయల్దేరే ముందే ఫోన్‌లో దాచుకోవాలి. పంక్చర్ కుడివైపు టైరుదైతే సొంతంగా మార్చే ప్రయత్నం చేయొద్దు, జాకీ దగ్గర కూర్చున్న మనిషి వీపు బండ్లు పోయే లేన్ వైపే ఉంటుంది. గస్తీ బండి వచ్చి వెనుక కోన్లు పెట్టేదాకా పిల్లలు, పెద్దవాళ్లతో సహా అందరూ బ్యారియర్ అవతలే ఉండాలి.