పేర్లకూ రంగులకూ ఓ మంత్రిత్వ శాఖ కావాలి

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పని ఏదీ టైముకు జరగదని గిట్టనివాళ్లు అంటుంటారు. ఇది అన్యాయం. పోలవరం ఆలస్యమైతే అయి ఉండొచ్చు. అమరావతికి 2015లో శంకుస్థాపన చేసిన ప్రధానే పదేళ్లకు మళ్లీ వచ్చి పనులు పునఃప్రారంభించి ఉండొచ్చు. కానీ పథకాల పేర్లు మార్చే పని ఒక్కసారైనా ఆగిందా?

ఎన్టీఆర్ భరోసా వైఎస్సార్ పెన్షన్ కానుక అయింది, మళ్లీ ఎన్టీఆర్ భరోసా అయింది. అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. బడి అన్నంలో గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ గారు వచ్చారు. వైఎస్సార్ రైతు భరోసా దిగిపోగానే, 2019లో మూలన పడేసిన అన్నదాతా సుఖీభవను దుమ్ము దులిపి తెచ్చారు. వాడి వదిలేసిన పేరు కూడా వృథా కాలేదు. ఆ రైతు భరోసాయే ఇప్పుడు కృష్ణ దాటి తెలంగాణలో రైతుబంధు కుర్చీలో కూర్చుంది. నీళ్ల పంపకంలో లేని సఖ్యత పేర్ల పంపకంలో ఉంది.

విజయవాడ హెల్త్ యూనివర్సిటీ సంగతి మరీ ముచ్చట. 2021లో ఎంబీబీఎస్‌లో చేరిన కుర్రాడు ఎన్టీఆర్ యూనివర్సిటీలో చేరి, 2022లో వైఎస్సార్ యూనివర్సిటీకి మారి, 2024లో తిరిగి ఎన్టీఆర్ యూనివర్సిటీకి వచ్చేశాడు. టీసీ అక్కర్లేకపోయింది, హాస్టల్ మంచం కూడా మారలేదు.

ఇక రంగులు. పంచాయతీ ఆఫీసులకు వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు అంటే, అప్పటి ప్రభుత్వం తీయలేదు, ఇంకో రంగు కలిపింది. జీవో 623 ఇచ్చి మరీ వివరించింది: ఆకుపచ్చ పంటకు, నీలం నీటికి, తెలుపు పాలకు, కొత్తగా కలిపిన ఎర్రమట్టి రంగు నేలకు గుర్తులట! గోడ మీదే ఇంత వ్యవసాయం ఉండగా ఊరికి వేరే వ్యవసాయాధికారి దండగ. హైకోర్టు మాత్రం ఈ కవిత్వాన్ని మెచ్చలేదు. అదే ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టూ మెచ్చలేదు. వేసిన ఖర్చు, తీసిన ఖర్చు రెండూ మనవే కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

భూముల రీసర్వేలో పాతిన హద్దురాళ్ల మీద ‘శాశ్వత భూహక్కు’ అనే పథకం పేరును జగనన్నతో కలిపి చెక్కారు. శాశ్వతం అంటే మన దగ్గర అయిదేళ్లు. పాసుపుస్తకాల మీది బొమ్మ తీసి రాజముద్ర వేయడం తేలికే, రాయితోనే చిక్కు.

2019లో 151 సీట్లు వచ్చిన పార్టీకి 2024లో 11 వచ్చాయి, 23 వచ్చిన పార్టీ కూటమి కట్టి 164తో వచ్చింది. మనం దీన్ని ప్రజాతీర్పు అంటాం. పెయింట్ డీలరు సీజన్ అంటాడు.

ఇంత పని ఉన్నప్పుడు శాఖకో మూల చెయ్యడమేంటి? పేర్లు, రంగులు, శిలాఫలకాలకు ఒకే మంత్రిత్వ శాఖ పెట్టి, బడ్జెట్‌లో పద్దు రాసి, ఓడిపోయిన పార్టీ నుంచి ఓ సలహాదారుణ్ని తీసుకోవాలి. తర్వాత మార్చబోయేది ఆయనే కదా.

లబ్ధిదారుల సహకారమే కొరవడింది. పేరు ఎన్నిసార్లు మార్చినా ఒకటో తారీఖు ముసలమ్మ అడిగేది ‘పింఛనొచ్చిందా బాబూ’ అనే. కొత్త శాఖ వీళ్లకు ముందుగా అవగాహన సదస్సులు పెట్టాలి. మధ్యాహ్నం భోజనాలు అన్న క్యాంటీన్ నుంచి తెప్పించుకోవచ్చు, అప్పటికి ఆ బోర్డు అలాగే ఉంటే.