నీళ్లు చల్లేవాళ్లకు నీరాజనం

సమాజసేవ చేసేవాళ్లకు సన్మానాలు జరుగుతుంటాయి. బాగానే ఉంది. కానీ చిల్లిగవ్వ తీసుకోకుండా, ఎవరూ పిలవకుండానే వెళ్లి, రోజూ నలుగురి ఉత్సాహం మీద నీళ్లు చల్లి వచ్చేవాళ్లని మాత్రం ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. ఈ అన్యాయాన్ని ఇక సహించేది లేదు. వారి తరఫున నేను మాట్లాడతాను.

ముందు వారి పనితనం చూడండి. పదేళ్ల పిల్ల బొమ్మ వేసి పట్టుకొచ్చింది. వేళ్లకు రంగు ఇంకా ఆరలేదు. సామాన్యుడైతే "భలే వేశావే" అనేసి తన పనిలో పడతాడు. మన నిపుణుడు అలా కాదు. కళ్లజోడు సవరించుకుంటాడు. కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని, తల అటూ ఇటూ వంచి చూస్తాడు. "ఇది గుర్రమా, కుక్కా?" అంటాడు. ఆ పిల్ల జవాబు వెతుక్కుంటూ ఉండగానే "సర్లే గానీ, లెక్కల్లో ఎన్నొచ్చాయి?" అని ముగిస్తాడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు, నిమిషం కూడా పట్టలేదు. పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితం ఇంకే రంగంలో ఉంది చెప్పండి?

పెద్దవాళ్లతో వ్యవహారం ఇంకా సులువు. సొంతంగా ఏదో మొదలుపెడతానన్నవాడికి నిండా మునిగిన ముగ్గురి కథలు చెబితే చాలు. కష్టపడి సన్నబడ్డవాళ్లకు "ఎందుకైనా మంచిది, షుగర్ టెస్ట్ చేయించుకో" అనాలి. పరీక్ష పాసైనవాడితో "ఈసారి పేపర్ చాలా ఈజీ అట కదా" అంటే సరిపోతుంది. వీటన్నిటికీ చివర్లో "నీ మంచి కోసమే చెబుతున్నా" అని ఒక్క ముక్క తగిలిస్తే, ఇక ఎవరూ ఏమీ అనలేరు. ఎదుటివాడు నొచ్చుకున్నాడా, తప్పు వాడిదే. మరీ సెన్సిటివ్!

మాటదేముంది, గాలికి పోతుంది అని తీసిపారేసేవాళ్లున్నారు. ఇది మన నిపుణులను అవమానించడమే. 2010లో వెలువడిన ఒక వైద్య పరిశోధన చూడండి. కాన్పుకు వచ్చిన ఆడవాళ్లకు వెన్ను దగ్గర మత్తు సూది వేసే ముందు కొందరితో "ఇక్కడ మొద్దుబారుతుంది, మీకు హాయిగా ఉంటుంది" అన్నారు. ఇంకొందరితో "పెద్ద తేనెటీగ కుట్టినట్టు ఉంటుంది, ఇదే అన్నిటికన్నా కష్టమైన ఘట్టం" అన్నారు. అందరికీ వేసింది ఒకేలాంటి సూదే. తేనెటీగ మాట విన్నవాళ్లు మాత్రం నొప్పి ఎక్కువగా ఉందన్నారు. చూశారా, సూది పట్టకుండానే పొడవగల విద్య మనవాళ్లది.

అయితే అప్పుడప్పుడు మెచ్చుకోక తప్పని పరిస్థితి వస్తుంది. కంగారుపడొద్దు, దానికీ ఉపాయం ఉంది. 1998లో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే పరిశోధకులు పజిల్స్ చేసిన పిల్లల్లో కొందరిని "బాగా కష్టపడ్డావు" అని, కొందరిని "నువ్వు చాలా తెలివైనవాడివి" అని మెచ్చుకున్నారు. తర్వాత కఠినమైన పజిల్స్ ఎదురయ్యేసరికి, ఎక్కువ డీలాపడింది తెలివైనవాళ్లని పేరు తెచ్చుకున్న పిల్లలే. కాబట్టి మెచ్చుకోవాల్సి వస్తే "మావాడు పుట్టుకతోనే మేధావి" అనండి. మీ రికార్డు చెడదు.

ఇక ఈ రంగంలో అసలైన మైలురాయి 1939 నాటిది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ అనే ఆచార్యుడి పర్యవేక్షణలో ఒక విద్యార్థిని 22 మంది అనాథ పిల్లల మీద ప్రయోగం చేసింది. అందులో చక్కగా మాట్లాడే ఆరుగురిని కూర్చోబెట్టి, మీకు నత్తి మొదలవుతోంది, సరిగ్గా మాట్లాడలేకపోతే అసలు మాట్లాడకండి అంటూ నెలల తరబడి చెప్పారు. ఆ పిల్లలకు నిజంగా నత్తి రాలేదు గానీ నోరు తెరవడానికే జంకడం మొదలుపెట్టారు. మనవాళ్లు భోజనాల దగ్గర, ఫోన్లలో, పెళ్లిళ్లలో సరదాగా చేసే పనినే ఆయన పరిశోధన అన్నాడు, అంతే తేడా. అనాథలు కాబట్టి అడిగేవాళ్లూ లేరు.

ఎప్పుడో అన్న మాటకు ఎవరైనా నిలదీస్తారేమోనని మన నిపుణుల్లో కొందరికి ఈమధ్య టెన్షన్ పట్టుకుందట. అనవసరం. ఆ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది 2001లో, అంటే 62 ఏళ్ల తర్వాత. నష్టపరిహారం మీద ఒప్పందం కుదరడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఆ లెక్కన బొమ్మ వేసిన పిల్లకు సారీ చెప్పడానికి మనవాడికి బోలెడు టైముంది. అప్పటికి ఆవిడ డెబ్బై దాటి ఉంటుంది, ఈయన సంగతి చెప్పలేం.