సగటు వాలు 2 శాతం

ఇంగ్లండు వాయవ్య మూలన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్, మాంచెస్టరులో డైనింగు టేబులు మీద పటంగా పరిచినప్పుడు ఎంతో చదునుగా ఉంటుంది. ఆ దేశంలోకెల్లా ఎత్తయిన, 978 మీటర్ల స్కాఫెల్ పైక్ శిఖరం మీద మా పెద్ద తోడల్లుడుగారు కాఫీ కప్పు పెట్టారు. అన్నిటికన్నా పెద్ద సరస్సు విండర్‌మియర్ మీద చేగోడీల గిన్నె కూర్చుంది. ఆ రెంటి నడుమ ఆయన ఎర్ర పెన్నుతో గీసిన గీత ఎక్కడా వణకలేదు.

గ్రాస్‌మియర్ ఊళ్ళో బయలుదేరి, కొండలూ సరస్సులూ చుట్టి, పొద్దుగూకేలోగా మళ్ళీ అక్కడికే చేరుకునే ఈ సైకిలు దారి ఆయన సొంత కల్పన కాదు. ఫ్రెడ్ విట్టన్ అనే స్థానిక సైక్లిస్టు స్మృత్యర్థం 1999లో మొదలైన సవాలు యాత్ర ఇంచుమించు ఈ దారినే సాగుతుంది. దూరం సుమారు 180 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తులన్నీ కలిపితే 3,500 మీటర్లకు పైమాటే, దారిలో కర్క్‌స్టోన్, హోనిస్టర్, న్యూలాండ్స్, విన్‌లాటర్, హార్డ్‌నాట్, రైనోస్ అనే ఆరు కనుమలు. కాళ్ళలో సత్తువ ఉన్నవారు సైతం దీనికోసం చలికాలమంతా సాధన చేస్తారు. మా తోడల్లుడుగారు సాధనకు బదులు భాగహారం చేశారు.

"తమ్ముడూ, మూడున్నర వేలను లక్షా ఎనభై వేలతో భాగిస్తే సగటు వాలు 2 శాతం కూడా రావడం లేదు. మన బేగంపేట ఫ్లైఓవరు ఇంతకన్నా నిటారుగా ఉంటుంది" అని తేల్చేశారు. ఆ మాట పూర్తికాక ముందే, లెక్కల్లో తానెవరికీ తీసిపోనని నమ్మే మా నెల్లూరు మిత్రుడు మరో అడుగు ముందుకేసి, ఎక్కినదంతా ఎలాగూ దిగుతాము గనుక అసలు సగటు సున్నా అవుతుందని సవరించాడు. గణితం అంతగా అనుకూలించినప్పుడు భూగోళాన్ని ఎవరు పట్టించుకుంటారు?

భూగోళానికి ప్రతినిధిగా ఆ గదిలో ఉన్నది మిత్రుడి కూతురొక్కతే. అక్కడి బడుల్లో ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ సంస్థ వేసే పటాలు చదవడం నేర్పుతారు. పటంలో రోడ్ల మీద అక్కడక్కడ చిన్న చిన్న బాణపు గుర్తులు ఉంటాయి. ఒంటి బాణమైతే ఏడింట ఒకటి (ఏడు మీటర్లు సాగితే ఒక మీటరు ఎక్కడం) మొదలుకొని అయిదింట ఒకటి వరకూ వాలు. జంట బాణమైతే అంతకన్నా నిటారు. తోడల్లుడుగారు వాటిని ఏకదిశ రాకపోకల గుర్తులుగా భావించి, బాణం ఎటు చూపిస్తే అటు పోయేలా దారి గీయాలని గంటసేపు శ్రమించారు. కొన్ని కనుమల దగ్గర రెండు జంట బాణాలు ఒకదానికొకటి వీపు తిప్పి నిలబడి ఉండడం ఆయనను కాస్త ఇబ్బంది పెట్టింది. అక్కడ పోలీసులు ఉదయం ఒకవైపు, సాయంత్రం మరొకవైపు బండ్లను వదులుతారని సమాధానపడ్డారు.

"అంకుల్, అవి కొండలు. బాణం ఎప్పుడూ దిగువకే చూపిస్తుంది" అంది ఆ పిల్ల.

"దిగువకే కదమ్మా, మరీ మంచిది!"

"మనం వెళ్ళేది బాణం మొన వైపు నుంచి, అంకుల్."

ఆయన చేగోడీ నమిలి, థిర్ల్‌మియర్‌ను సాక్ష్యానికి పిలిచారు. ఆ జలాశయం నుంచి 1894 నుంచీ మాంచెస్టరుకు నీరు వస్తున్న మాట నిజం. సుమారు 150 కిలోమీటర్ల కాలువలో, పంపు లేకుండా, కేవలం పల్లాన్ని పట్టుకొని వస్తున్న మాటా నిజమే. "పంపు లేకుండా నీళ్ళు రాగలిగిన దారిలో మనిషి పోలేడా?" అని ఆయన అడిగిన తీరు చూసి, నీళ్ళు అటు నుంచి ఇటే వస్తాయి గాని ఇటు నుంచి అటు పోవన్న సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ చాలలేదు.

ఎక్సెల్‌లో కాలపట్టిక తయారయింది. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున, ఉదయం 6 గంటలకు బయలుదేరితే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఎస్క్‌డేల్ లోయలో భోజనం. పులిహోర, దద్దోజనం, ఆవకాయతో కారు తీసుకొని వదినగారు నేరుగా అక్కడికి వస్తారు. సైకిలు విషయం మాత్రం చర్చకు రాలేదు. కొండలెక్కేవారు ముందు 34 పళ్ళ చక్రం, వెనక కూడా అంతే పళ్ళున్న పెద్ద చక్రం వేయించుకుంటారు. తోడల్లుడుగారు మోజుపడి కొన్న పాత పందెపు సైకిలుకు ముందు 39, వెనక 25, అంటే ఎక్కుడులో తొక్కడం అంత బరువన్నమాట.

జూన్ నెల శనివారం నాడు కర్క్‌స్టోన్ 454 మీటర్ల ఎత్తుతో స్వాగతమిచ్చింది. ఆ ఒక్క కనుమతోనే పట్టికలోని గంట హరించుకుపోయింది. ఉల్స్‌వాటర్ సరస్సు అందాన్ని ఎవరూ చూడలేదు. చూసే తల పైకి లేవలేదు. కెస్విక్ దాటి బోరోడేల్ లోయలోకి దిగగానే వాన పట్టుకుంది. ఆ లోయలోని సీత్‌వెయిట్‌లో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది, అంటే దాదాపు హైదరాబాదు నాలుగేళ్ళ వాన. ఒంటిగంటన్నరకు, అంటే పట్టిక ప్రకారం పులిహోర వడ్డించుకోవలసిన ముహూర్తానికి, మేము హోనిస్టర్ ఎక్కుడులో సైకిళ్ళను నెట్టుకుంటూ నడుస్తున్నాము. 25 శాతం వాలు మీద, తడిసిన తారు మీద, పెడలుకు బిగించుకునే లోహపు బిళ్ళలున్న బూట్లతో నడవడమంటే రెండడుగులు వేసి ఒకటి జారడమే. రోడ్డు మధ్యన పడుకున్న హెర్డ్‌విక్ గొర్రె ఒకటి మా కోసం లేవవలసినంత వేగం మాకు లేదని గ్రహించి, నెమరు వేయడం మానలేదు.

అసలు చిక్కు హోనిస్టర్ దిగాక, బటర్‌మియర్ ఊళ్ళో తెలిసింది. లేక్ డిస్ట్రిక్ట్‌లో హిమానీనదాలు చెక్కిన లోయలు నడిమి కొండల నుంచి తలో దిక్కుకూ పోతాయి. ఒక లోయలోంచి పక్క లోయలోకి పోవాలంటే కనుమ ఎక్కాలి, లేదా బయటి నుంచి చుట్టి రావాలి. మాకూ ఎస్క్‌డేల్‌లోని పులిహోరకూ నడుమ కాకికి 16 కిలోమీటర్లు, సైకిలుకు దాదాపు 50. ఫోనుకు సిగ్నలు లేదు. "దద్దోజనం పులిసిపోతుందేమో" అని నెల్లూరు మిత్రుడు అన్నప్పుడు ఆ గొంతులో నిజమైన దుఃఖం వినిపించింది. ముగ్గురం మాట్లాడుకోకుండానే విన్‌లాటర్, హార్డ్‌నాట్, రైనోస్‌లను పట్టికలోంచి కొట్టేసి, న్యూలాండ్స్ దాటి కెస్విక్‌కు తిరిగొచ్చి, థిర్ల్‌మియర్ ఒడ్డున పెద్ద రోడ్డు పట్టి గ్రాస్‌మియర్ చేరాము.

వదినగారు మాకన్నా ముందే వచ్చి కారులో కూర్చొని ఉన్నారు. రెండు గంటలు ఎదురు చూసి, తడిసి వణుకుతున్న పాదచారులకు పులిహోర పెట్టి, వచ్చిన దారి మరచిపోయి, ఆవిడ ఎస్క్‌డేల్ నుంచి తిన్నగా హార్డ్‌నాట్ మీదుగానే, మూడింట ఒకటి వాలున్న ఆ మలుపులు తిప్పుకుంటూ రైనోస్ కూడా దాటి వచ్చేశారట. ఆ రోజు మా బృందంలో ఆ కనుమలు దాటినది ఆవిడ ఒక్కరే.

"ఏమండీ, మీరు చెప్పినంత చదునుగా లేదు. అయినా డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఒకరు సైకిలు దిగకుండానే ఎక్కేస్తున్నారు. కారు పక్కకు తీసి దారి ఇచ్చాను" అన్నారు.

తోడల్లుడుగారు తడి టోపీ తీసి, "ఎన్ని పళ్ళున్నాయో చూశావా?" అని అడిగారు.

"రొప్పుతున్న మనిషి నోట్లోకి తొంగి చూస్తానా!" అంటూ ఆవిడ ఖాళీ పులిహోర డబ్బా మూత బిగించారు.