హద్దు మీద టీ అంగడి

పక్కపక్కనున్న రెండూళ్ళు చేతులు కలిపాయి. నమ్మకపోతే ఫ్లెక్సీలు చూసుకోండి. మా తిరుపతి చుట్టుపక్కలే. పేర్లు మాత్రం చెప్పను. చెబితే రెండూళ్ళ పెద్దలూ ఒక్కటై నా మీదికొస్తారు. వాళ్ళ మొట్టమొదటి ఉమ్మడి కార్యక్రమం నేనే కావడం నాకిష్టం లేదు.

చేతులు కలిపిందెందుకంటే, రెండూళ్ళ నడుమ బజారు రోడ్డును 'వాణిజ్య కారిడార్' చేయడానికి. నిన్నటిదాకా దాన్ని రోడ్డనే పిలిచాం. రోడ్డంటే గుంతలు పూడ్చాలి. కారిడార్‌కైతే బొమ్మ గీయిస్తే సరిపోతుంది. గీయించారు. ఆ బొమ్మలో చెట్లున్నాయి, బెంచీలున్నాయి, సైకిలు తొక్కే అమ్మాయి ఉంది. చెమట పట్టిన మనిషి ఒక్కడూ లేడు. తిరుపతి ఎండ ఎరిగినవాడెవడూ ఆ బొమ్మ గీసుండడు.

ఇక కాలువ సంగతి. ఈ ఊరి కాలువ తూర్పుకు పారుతుంది, ఆ ఊరిది పడమరకు. రెండూ హద్దు దగ్గర ఎదురుపడి, ఎవరూ ఎవరికీ దారివ్వక, చివరికి కలిసి రోడ్డెక్కుతాయి. కలిసి నడవడమంటే ఏమిటో ఆ మురుగునీళ్ళకు ఏనాడో తెలుసు.

నా మనసు దోచుకున్నది మాత్రం టీ అంగడి. హద్దు సరిగ్గా దాని నడుమ నుంచి పోతుంది. పొయ్యి ఆ ఊళ్ళో, గల్లాపెట్టె ఈ ఊళ్ళో. మాస్టరు ఎడమకాలు పంచాయతీలో, కుడికాలు మునిసిపాలిటీలో. ఆయన చెయ్యెత్తి టీ లాగి పోస్తుంటే ఒక ఊళ్ళో బయల్దేరిన ధార ఇంకో ఊళ్ళో గ్లాసులో దిగుతుంది. గాల్లో ఉన్నంతసేపూ ఆ టీ ఎవరి పరిధిలోది? ఈ ధర్మసందేహం తీర్చడానికే కాబోలు, ఉమ్మడి సర్వే పెట్టారు. ఒక వైపు నుంచి అడుగుల టేపు, ఇంకో వైపు నుంచి మీటర్ల టేపు. రెండూ అంగడి దగ్గర కలవాలి. కలవలేదు. నడుమ రెండడుగుల జాగా మిగిలింది. మళ్ళీ కొలిచారు, మళ్ళీ మిగిలింది. 'మాది కాదు' అన్నారు వీళ్ళు. 'అయ్యో, మాదీ కాదు' అన్నారు వాళ్ళు. ఇంత మర్యాద నేను పెళ్ళిపందిట్లో వియ్యంకుల మధ్య కూడా చూడలేదు. అందరూ ఆ రెండడుగుల్లోనే నిలబడి టీ తాగారు. డబ్బులెవరివ్వాలన్న చోట మళ్ళీ పరిధి సమస్య వచ్చింది. మాస్టరు పద్దు రాసుకున్నాడు. ఏ ఊరి పేరున రాయాలో తెలీక 'కారిడార్' అని రాసుకున్నాడు. అధికారికంగా ఆ పేరు మొదట ఎక్కిన దస్తావేజు అదే.

నిజానికి ఈ తలనొప్పికి మందు రాజ్యాంగంలోనే ఉంది. 1993 జూన్ 1న అమల్లోకొచ్చిన 74వ సవరణ, 243జెడ్‌డి అధికరణం. జిల్లాకొక ప్రణాళికా కమిటీ పెట్టుకోండి, పంచాయతీల ప్రణాళికలూ మునిసిపాలిటీల ప్రణాళికలూ ఒకచోట చేర్చండి, నీళ్ళూ వసతులూ ఉమ్మడిగా చూసుకోండి, కమిటీలో అయిదింట నాలుగు వంతుల మంది ఎన్నికైనవాళ్ళే ఉండాలి అని రాసిపెట్టారు. మనవాళ్ళకు ఉమ్మడి అన్న మాట ఉమ్మడి భోజనాల దగ్గరే గుర్తొస్తుంది.

అసలు ఈ గడ్డ మీద ఊరికీ ఊరికీ పొత్తు కొత్తా? కార్తీకంలో పంచమి తీర్థానికి తిరుమల నుంచి కొండ దిగి, అలిపిరి మీదుగా, ఏనుగెక్కి తిరుచానూరు అమ్మవారికి సారె పోతుంది. తిరుపతి గంగజాతరకు పక్కనున్న అవిలాల నుంచి కైకాల వంశంవాళ్ళు పుట్టింటి సారె తెస్తారు. పసుపు కుంకుమలు హద్దు దాటించడానికి టేపులు పట్టిన పాపాన ఎవరూ పోలేదు.

సరే, నవ్వింది చాలు. కారిడార్ శంకుస్థాపనకు రెండ్రోజుల ముందు, ఇంకా తెల్లవారకముందే రెండు జేసీబీలొచ్చాయి. ఒకటి తూర్పు నుంచి, ఒకటి పడమర నుంచి, ఒకే సమయానికి. కాలువ వాటం కలపలేనివాళ్ళు, వీధిదీపాల రంగు మీద ఒక మాటకు రాలేనివాళ్ళు, గడియారాలు ఎంత చక్కగా కలుపుకున్నారు! తోపుడుబండ్లు, పూలగంపలు, సీతాఫలాల తట్టలు అన్నీ ఒక కుప్ప. 2014 వీధి విక్రేతల చట్టం ఏమంటుంది? సర్వే పూర్తయి, అమ్మకపు ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవరినీ కదిలించకూడదంటుంది. కదిలించాల్సొస్తే ముప్పై రోజుల నోటీసివ్వాలంటుంది. ముప్పై రోజులెందుకయ్యా, ముప్పై నిమిషాలిచ్చినా ఆ ఆడవాళ్ళు కాయలు ఏరుకుని పోయేవాళ్ళు కదా! వీధిలో అమ్ముకోండని 2020లో స్వనిధి పథకం పేరున బ్యాంకుల్లో పదివేల అప్పిప్పించిందీ ప్రభుత్వమే, ఆ అప్పుతో కొన్న బండిని విరిచిందీ ప్రభుత్వమే. కంతులు మాత్రం ఆగవు. సిగ్గుండాలి. బొమ్మలో బెంచీకి చోటుంది, సైకిలుకు చోటుంది, పదిహేనేళ్ళుగా ఆ రోడ్డుకు గిరాకీ తెచ్చిన మనిషికి చోటు లేదు.

పొద్దెక్కాక టీ తాగుదామని పోయాను. సీతాఫలాలమ్మే పెద్దావిడ ఆ రెండడుగుల జాగాలోనే కూర్చోనుంది. చితికిపోని కాయలు ఏడో ఎనిమిదో చీరచెంగులో పెట్టుకుని. ఇన్నేళ్ళూ ఆమె బతుకు అక్కడే గడిచింది. ఈ ఊరోళ్ళు తరిమితే తట్ట ఆ పక్కకు జరిపేది, ఆ ఊరోళ్ళు తరిమితే ఈ పక్కకు. ఒకరి పరిధిలోకి ఇంకొకరు వచ్చేవాళ్ళు కాదు గదా.

నన్ను చూసి అడిగింది: "సామీ, నువ్వు పేపర్లు చదువుతా ఉంటావు గదా. ఈ రెండూళ్ళోళ్ళు మళ్ళీ ఎప్పుడు కొట్లాడుకుంటారు సామీ?"