మాంసం తినేవాడిగా నా గోడు

ఒడిశాలో మా రాయగడ, కొరాపుట్ వైపు ఘాట్ రోడ్లకి బొంగు చికెన్ పిచ్చి పట్టింది. అరకులో, మారేడుమిల్లిలో బాగా నడిచిన బేరం కొండెక్కి ఇటు దిగింది. శని, ఆదివారాలు వైజాగ్, విజయనగరం కార్లు రోడ్డు పక్కన వరసగా ఆగుతాయి. నిప్పుల మీంచి బొంగు తీసి, కత్తితో చీల్చి, ఆకులో గుమ్మరిస్తుంటే చుట్టూ ఫోన్లు లేస్తాయి. నేను మాంసం ఇష్టంగా తినేవాణ్ణి. అందుకే ఆ తంతు చూస్తే ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో పూర్తిగా చెప్పాలనే ఈ పోస్టు. పొడుగైంది, ఓపికుంటే చదవండి.

అసలు వంట తెలిసినవాళ్ళకి నా కోపం అర్థమవుతుంది. వేటకో, పోడు పనికో కొండ మీదకి వెళ్ళినవాళ్ళ దగ్గర గిన్నె ఉండదు, నూనె ఉండదు. పచ్చి వెదురుని కణుపు కింద నరికితే ఒకవైపు అడుగు దానంతటదే మూసుకుని ఉంటుంది. ముక్కలకి ఉప్పు, పసుపు, దంచిన అల్లం, మిరపకాయలు పట్టించి అందులో దింపుతారు. బిగించి కూరకూడదు, పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదలాలి. మూతికి అడ్డాకు మడిచి దోపుతారు. బొంగుని నిప్పుల మీద ఏటవాలుగా ఆనించి, పచ్చరంగు పోయి నల్లబడేదాకా తిప్పుతూనే ఉండాలి. వెదురులో ఉన్న తడే ఆవిరై ముక్కని ఉడికిస్తుంది. కోడి కొవ్వే కోడికి నూనె. ముప్పావుగంట పైనే పడుతుంది, అంతసేపూ మనిషి పక్కనే కూర్చోవాలి. ఎండిన బొంగైతే కాలిపోతుంది, మరీ లేతదైతే పగిలిపోతుంది. ఏ కర్ర నరకాలో చూడగానే పోల్చుకునే కన్ను కావాలి.

రోడ్డు మీద బేరానికి అంత ఓపిక లేదు. నేను నిలబడి చూసిన ఒక కొట్టులో పొద్దున్నే ప్లాస్టిక్ డ్రమ్ములో బ్రాయిలర్ ముక్కలు, ఎర్రరంగు, ప్యాకెట్ మసాలా, కార్న్‌ఫ్లోర్ కలిపేసి పెట్టుకున్నారు. బొంగులో పోసి పెద్ద మంట మీద పది నిమిషాలు కాల్చారు. చీలిస్తే ఎముక దగ్గర ఇంకా నెత్తురు ఉంది. దాన్ని మూకుట్లో వేసి నూనెలో వేయించి ఇచ్చేశారు. కొట్టు వెనక మోకాలెత్తు కాలిన బొంగుల కుప్ప. వెదురు మొలక ఒక్క వానాకాలంలోనే నిలువునా పెరిగిపోతుంది, నిజమే. కానీ గట్టిపడి తడికకో బుట్టకో పనికి రావాలంటే మూడు నాలుగేళ్ళు ఆగాలి. లేత కర్రలన్నీ ముందే నరికేస్తే పొద నీరసించిపోతుంది. సంతలో చేటలమ్మే ముసలమ్మ నాతో అన్నమాట ఇది: "దగ్గరున్న పొదలన్నీ నరికీసినారు బాబూ, ఇప్పుడు ఇంకా పైకెళ్ళాల." చేట ఖరీదు మాత్రం ఆవిడ పెంచలేకపోయింది. మనం తిన్న చికెన్ ఖర్చులో ఆవిడ కాళ్ళనొప్పులు కూడా ఉన్నాయి, బిల్లులో కనపడవు.

బొంగుతో ఆగిందా? బకెట్ బిర్యానీ, కటకటాల వెనక కూర్చోబెట్టి ఖైదీ బట్టల్లో వడ్డించే జైలు మండి, అరగంటలో ఇంత తింటే డబ్బులివ్వక్కర్లేదనే పందాలు. మండి అసలు యెమెన్‌లోని హద్రమౌత్ వంట, అక్కణ్ణించి వచ్చి హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడినవాళ్ళు మనకి పరిచయం చేశారు. గొయ్యిలో నిప్పులు వేసి, మూత పెట్టి, మాంసం రసం కింద అన్నంలోకి కారేలా వండే పద్ధతి. ఒక్క పళ్ళెం చుట్టూ నలుగురూ కూర్చుని తినడం దాని మర్యాద. ఆ మర్యాదకి జైలు గోడ ఎందుకు కట్టారో నాకు అర్థం కాదు. పందెం కోసం కక్కు వచ్చేదాకా మాంసం కుక్కుకోవడాన్ని నేను తిండి అనను.

కొత్త రుచుల మీద నాకు ఏ కోపమూ లేదు. మయూర్‌భంజ్ సిమిలిపాల్ కాయ్ చట్నీకి 2024 జనవరిలో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల మీద ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్రచీమల్ని అల్లం, వెల్లుల్లి, మిరపకాయ, ఉప్పుతో నూరి చేసే పచ్చడి. మా కొండల్లోనూ తింటారు. పుల్లగా, ఘాటుగా, జ్వరం పడి లేచిన నోటికి ప్రాణం పోసేలా ఉంటుంది. నా బాధల్లా వీడియోల వాళ్ళతోనే. ఒక ఇంటివాళ్ళు ప్రేమగా పెట్టిన పచ్చడిని కళ్ళు మూసుకుని, ముఖం వికారంగా పెట్టి, సాహసం చేసినట్టు నాలిక మీద వేసుకుంటారు. పక్కనే ఆ ఇంటి ఆవిడ నిలబడి చూస్తూ ఉంటుంది.

ఇక ఆనందం సంగతి. మా ఊళ్ళో ఏటని కోస్తే పోగులు వేసేవాళ్ళు, కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ వేస్తారు. పది పన్నెండు ఇళ్ళవాళ్ళు డబ్బులు కలిపి ఒక మేకపోతుని కొని, అడ్డాకులు పరిచి, ఎన్ని వాటాలో అన్ని పోగులు పెడతారు. ప్రతి పోగులోనూ తొడ ముక్క, పక్కటెముక, కొంచెం కొవ్వు, చిన్న కార్జం ముక్క పడాలి. పోగులు పెట్టినవాడు అందరూ తీసుకున్నాక మిగిలింది తీసుకోవాలి. అందుకే చెయ్యి అటూ ఇటూ పోదు. తలకాయని మంట మీద కాల్చి, వెంట్రుకలు గీకి, ఎవరు అడిగితే వాళ్ళకి విడిగా. బోటీని పుల్లతో తిరగేసి, ఉప్పూ పసుపూ పెట్టి రుద్ది, వేణ్ణీళ్ళలో కడగడం ఆడవాళ్ళకి పూటంతా పని. ఆ శ్రమ గురించి కూర పొగడ్తల్లో ఎవరూ మాట్లాడరు. మా మామ్మ నిప్పుల మీద కాల్చిన కార్జం ముక్క ఉప్పద్ది పిల్లల చేతుల్లో పెట్టేది, కూర ఉడికేదాకా ఏడవకుండా. ఆ సాయంత్రానికి ఏటలో పారేసింది అంటూ ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు షాపులో "ఎముకలొద్దు, కొవ్వొద్దు, మెత్తటి ముక్కలే" అని అడుగుతున్నాం. ఆ ప్రాణిలో సగం మన ఇంటి గుమ్మం దాకా రాదు.

ఆ ఏట వచ్చే మందలు మా దగ్గరివే. గంజాం మేక అని దేశం గుర్తించి నమోదు చేసిన జాతి ఉంది. గంజాం, గజపతి, రాయగడ కొండల్లో మందలు తిప్పేది ఎక్కువగా గొల్లలు, చాలామంది ఇళ్ళలో తెలుగే. మేతకి రొట్టా కొమ్మా తప్ప కొనిపెట్టేది తక్కువ. అలా తిరిగి పెరిగిన మేక కూరకి మసాలా కూడా పెద్దగా అక్కర్లేదు, ధనియాలు, ఉల్లిపాయ, కాస్త కొబ్బరి చాలు. మటన్ కేజీ 800 దాటి చాలా కాలమైంది, అయినా మంద వెంట ఎండలో నడిచినవాడికి అందులో దక్కేది ఎంతో మీ ఊరి గొల్లల్ని అడగండి.

సరిహద్దు తెలుగు ఇళ్ళకి ఇంకో సంగతి ఉంది, అటు శ్రీకాకుళం వాళ్ళకి చెప్తే ఆశ్చర్యపోతారు. ఒడియావాళ్ళ కార్తీకం ఆశ్వయుజ పున్నమి మర్నాడు మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. మన కార్తీకం దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా నడుస్తుంది. వాళ్ళ చివరి అయిదు రోజులు బక పంచకం, కొంగ కూడా చేపని ముట్టదంటారు. పున్నమి మర్నాడు ఛాడఖాయి. నెలంతా నీసు మానేసిన ఊరు ఊరంతా తెల్లారకుండానే మటన్ షాపు ముందు నిలబడుతుంది, ధర ఆకాశానికి పోతుంది. సరిగ్గా ఆ రోజుకి మా ఇంట్లో కార్తీకం సగమే అవుతుంది. పక్కింటి పోపు వాసన వస్తుంటే మేం పప్పుచారు తింటాం. పెళ్ళిళ్ళు కలిసిన ఇళ్ళలోనైతే రెండు కార్తీకాలూ పాటించాలి, దాదాపు నెలన్నర. అదేమీ నాకు కష్టంగా అనిపించలేదు ఎప్పుడూ. సోమ, మంగళ, గురు, శనివారాలు పోను ఒడిశాలో చాలా ఇళ్ళలో బుధ, శుక్ర, ఆదివారాలే నీసు రోజులు. మానేసే రోజులున్నాయి కాబట్టే తినే రోజుకి ఆ వెలుగు. పంక్తిలో కూర్చున్నప్పుడు ముక్క ముక్కకీ విలువ తెలిసేది. ఫోన్ నొక్కితే అర్ధరాత్రి కూడా చికెన్ వచ్చే కాలంలో ఆ విలువే ముందు పోయింది.

ఎందుకు అంత చవగ్గా వస్తోంది అంటే బ్రాయిలర్. 40 రోజులు దాటగానే రెండు కేజీలు తూగుతుంది. నాటుకోడికి అయిదారు నెలలు కావాలి. బ్రాయిలర్ కేజీ బరువు పెరగడానికి కేజీ 600, 700 గ్రాముల దాణా తింటుంది, తోలూ ఈకలూ పేగులూ పోగా కేజీ మాంసానికి రెండున్నర కేజీల దాకా పడుతుంది. దేశంలో పండే మొక్కజొన్నలో పెద్ద వాటా కోళ్ళ దాణాకే పోతుంది. షెడ్డు రైతుది, కరెంటు రైతుది, చాకిరీ రైతుది. కోడిపిల్లలూ దాణా మందులూ కంపెనీవి. బ్యాచ్ తూకం అయ్యాక కేజీకి ఇంత అని కూలి కడతారు. కంపెనీ తూకం మీద ఎదురు మాట్లాడే రైతుని నేను ఇంతవరకూ చూడలేదు.

మందుల విషయం ఇంకా భయం. కోలిస్టిన్ అనేది మిగతా యాంటీబయాటిక్‌లు పనిచేయనప్పుడు ఐసీయూలో మనుషులకి వాడే ఆఖరి మందుల్లో ఒకటి. దాన్ని కోళ్ళు తొందరగా పెరగాలని దాణాలో కలిపేవాళ్ళు. 2019 జూలైలో కేంద్రం ఆహార పశువులకి దాని వాడకాన్ని నిషేధించింది. మనిషికి పనికొచ్చే ఆఖరి మందుని కోడి బరువు కోసం ఖర్చు పెట్టామంటే, ఆ చవక ఎవరి ప్రాణాల మీద వచ్చిందో ఆలోచించండి. సాసేజ్, సలామీ లాంటి నిల్వ మాంసాల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే పొగాకు ఉన్న మొదటి గ్రూపులో పెట్టింది. పొగాకంత ప్రమాదమని కాదు, క్యాన్సర్ తెస్తుందనడానికి రుజువు అంత గట్టిగా ఉందని. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క. మా రాయగడలో కూడా పిల్లల టిఫిన్ డబ్బాల్లోకి అవి వచ్చేశాయి.

ఇదంతా చదివి "చూశారా, అందుకే శాకాహారం" అని కామెంట్ పెట్టబోయేవాళ్ళకి: ఆగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. మాంసంలో, కార్జంలో ఉండే ఇనుము ఒంటికి పట్టినట్టు ఆకుకూరల్లోది పట్టదు. మా కొండల్లో ఒక తల్లి వారానికి ఒక్కసారి గుడ్డో, ఎండు నెత్తళ్ళో తినగలిగితే అదే ఎక్కువ. ఆవిడ కంచంలోంచి తీసేయమనే హక్కు ఎవరికీ లేదు. ఎక్కువ తింటున్నది మనం. తగ్గించుకోవాల్సింది మనం.

ఎందుకంటే అందరికంటే ఎక్కువ ధర కట్టి మాంసం తింటున్నది మా కొరాపుట్ జిల్లా కొండల మీది మనుషులు. చచ్చిన పశువు మాంసం గురించి చెప్తున్నాను. కొరాపుట్‌లో ఆంత్రాక్స్, మన మాటలో దొమ్మ రోగం, మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. ఆ క్రిమి గింజలా గట్టి పెంకు కట్టుకుని మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉంటుంది. గడ్డితో పాటు పశువు కడుపులోకి పోతుంది, పశువు ఉన్నట్టుండి పడిపోతుంది. దున్నే ఎద్దు అలా పోతే ఆ ఇంటికి అది ఏడాది సంపాదన పోయినట్టు. కనీసం మాంసమైనా దక్కుతుందని కోస్తారు, ఇరుగుపొరుగుకి పంచుతారు. కోసిన చేతుల మీద చిన్న దురద కురుపు లేస్తుంది. నాలుగు రోజుల్లో మధ్యలో నల్లటి చెక్కు కడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ముందే ఆసుపత్రికి వస్తే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గే జబ్బు. ఆలస్యమైతే, లేదా కడుపులోకి పోతే, చంపేస్తుంది. బాగా ఉడికిస్తే చాలనుకోవడం కూడా తప్పే, ఆ గింజ మామూలు ఉడుకుకి లొంగదు.

వార్త వచ్చినప్పుడల్లా "చచ్చిన పశువుల్ని తింటారా ఛీ" అని రాసేవాళ్ళని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ఘాట్ రోడ్డు మీద సగం తిని పారేసిన చికెన్ చెత్తకుప్పలో పడి ఉంటుంది. దానికి కొద్ది దూరంలో, కొండ వెనక, ఏడాదికోసారి మాంసం దొరికే ఇంట్లో చచ్చిన ఎద్దుని పంచుకుంటున్నారు. వాళ్ళ అలవాటుని తిట్టేముందు ఆ ఎద్దు ఖరీదు ఎవరిస్తారో చెప్పాలి.

నేను కోరేవి ఎక్కువేమీ లేవు. దొమ్మ వచ్చిన ఊళ్ళలో వానలకి ముందు ప్రతి పశువుకీ టీకా పడాలి, ఏటా పడాలి. పశువు అనుమానంగా చచ్చిపోతే కోయకుండా లోతుగా పాతిపెట్టిన ఇంటికి ఆ వారంలోనే డబ్బు అందాలి. నెలలు పట్టే పరిహారాన్ని నమ్మి ఎవరూ మాంసం వదులుకోరు. టౌన్లలో కోతకి ముందు మేకని పశువైద్యుడు చూసి, కోశాక మాంసం మీద ముద్ర వేసే చోటు ఉండాలి. మా వార్డులో ఇప్పటికీ రోడ్డు పక్క మురిక్కాలువ మీదే కోస్తున్నారు. ఈసారి ఛాడఖాయి లోపు ఆ ముద్ర సంగతి తేల్చమని సంతకాలు పెట్టి మున్సిపాలిటీకి కాగితం ఇస్తున్నాం. గుణుపురం, పర్లాకిమిడి, జయపురంలో ఉన్న మనవాళ్ళు కూడా మీ మీ వార్డుల్లో ఒక కాగితం పెట్టండి. ఒడియాలో రాయడానికి సాయం కావాలంటే కింద చెప్పండి, నేను రాసిస్తాను.