జోర్డాన్ ట్రైల్: ముందు నీళ్ల లెక్క, తర్వాతే కిలోమీటర్లు

జోర్డాన్ దేశాన్ని నిలువునా దాటే నడక దారి జోర్డాన్ ట్రైల్ గురించి ఎవరు చెప్పినా ముందు దూరమే చెబుతారు. ఉత్తరాన ఉమ్ కైస్ నుంచి ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న అకాబా దాకా సుమారు 675 కిలోమీటర్లు, దాదాపు 40 రోజుల నడక. భాగిస్తే రోజుకు 17 కిలోమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది. చాలామంది ప్లాన్ దెబ్బతినేది ఈ భాగాహారం దగ్గరే.

ఈ దారికి ఒక పేరు, దాన్ని చూసుకునే సంఘం వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. గొర్రెల కాపరుల బాటలు, పాత బిడారు మార్గాలు, జీపు దారులు కలిపి తయారైంది. చాలాచోట్ల గుర్తులుండవు. ఫోన్‌లో దింపుకున్న జీపీఎస్ గీతే దిక్కు.

ఉత్తరాన అజ్లూన్ వైపు పెద్ద టెన్షన్ లేదు. ఓక్ చెట్లు, ఆలివ్ తోటలు, మధ్యమధ్యలో ఊళ్లు. అసలు కథ కొండరాళ్లలో తొలిచిన పాత నగరం పెట్రా దాటి, వాదీ రమ్ ఎడారి వైపు తిరిగాక మొదలవుతుంది. అక్కడ మనిషికి తాగడానికే రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి, వంటకు వేరే. రెండు రోజుల నీళ్లంటే వీపు మీద పది కిలోలు. మూడో రోజువి కూడా మోయడం అయ్యే పని కాదు. అందుకే నీళ్ల డబ్బాలు ఫలానా చోట దించి ఉంచమని జీపులున్న బెదూయిన్లతో, అంటే అక్కడి ఎడారి తెగల వాళ్లతో, ముందే మాట్లాడుకోవాలి. ఇక రాత్రి మజిలీ ఎక్కడంటే, జీపు రాగలిగిన చోటే. ఆ ప్రాంతంలోనే హుమైమా ఉంది. రెండు వేల ఏళ్ల కిందట, పెట్రాను కట్టిన నబాతియన్లే వాననీటి తొట్లు తొలిచి, కిలోమీటర్ల కొద్దీ కాలువ కట్టి ఆ ఎడారిలో ఊరు నిలబెట్టారు.

నీళ్లు ఒక్కసారిగా వచ్చి పడటం ఇంకో ప్రమాదం. 2018 అక్టోబరులో మృత సముద్రం దగ్గర వచ్చిన మెరుపు వరద 21 మందిని పొట్టన పెట్టుకుంది, వాళ్లలో ఎక్కువమంది బడిపిల్లలే. వాన ఎక్కడో కొండల మీద పడుతుంది. కింద ఎండ కాస్తుండగానే వాదీ, అంటే ఎండిపోయి ఉండే వాగు, పొంగుతుంది. నడకకు అనువైన వసంతంలో, శరత్తులో కూడా ఈ బెడద ఉంటుంది కాబట్టి తిరుగు టికెట్‌కు ముందు రెండు మూడు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి.

గైడ్‌ను పెట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్లున్నారు. ఆ పంతం నాకు అర్థం కాదు. నిరుటి వరదకు ఏ బాట కోసుకుపోయిందో, ఏ ఊట ఎండిందో చెప్పగలిగేది ఆ చుట్టుపక్కల మనిషే. దక్షిణాన అలాంటి మనిషి తోడు తప్పనిసరి అనే అంటాను. అంత ఖర్చు పెట్టలేకపోతే అకాబా దాకా వెళ్లాలన్న పట్టు వదిలేసి, పెట్రాకు ఉత్తరాన ఉన్న దానా ఊరి నుంచి పెట్రా వరకు నాలుగైదు రోజుల నడకతో సరిపెట్టుకోవడం మేలు.